మేడగది గడియ

గిద్దలూరు,
12 ఫిబ్రవరి 2024

చిరంజీవి తమ్ముడు రామలింగయ్యకు,

మీ అక్క రామతులసమ్మ దీవెనలు. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేందని అనుకుంటావు. ఫోన్లో నీ గొంతు నాకు బావి అడుగు నుంచి వస్తున్నట్టుంటుంది. పోయినసారి నువ్వు "పాప సంబంధం కుదిరేటట్టుంది" అన్నావట. నేను "పాపం సుబ్బన్న" అని విని, మీ ఎదురింటి సుబ్బన్న పోయాడనుకొని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. మా అబ్బాయి అరవింద్ తన ఫోన్లో మెసేజీ పెడతానన్నాడు గాని, మన అక్కాతమ్ముళ్ళ మాటలు పిల్లల ఫోన్లలో పడటం నాకిష్టం లేదు. నీకు అక్షరాలు దిద్దించిందాన్ని నేనే. ఆ అక్షరాలతోనే జవాబు రాయి.

అసలు విషయానికొస్తాను. మొన్న కంభంలో పెద్దమ్మ మనవడి పెళ్ళిలో నీ భార్య నాకు చేసిన మర్యాద నీకు తెలుసో లేదో. భోజనాల దగ్గర చెంచులక్ష్మి కనిపిస్తే సంబరంగా పోయి చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి లాక్కొని, "ఎవరమ్మా మీరు?" అంది. నాకే వినిపించిందంటే ఎంత గట్టిగా అన్నదో చూసుకో. వరసగా కూర్చున్న మనవాళ్ళందరూ విస్తళ్ళ మీద నుంచి తలెత్తి చూశారు. నలభై ఏళ్ళకు పైగా నన్ను వదినా అని పిలిచిన మనిషి! విస్తట్లో మిఠాయి అట్లాగే వదిలేసి లేచి వచ్చాను.

వైష్ణవి డిగ్రీ అయిందాకా సంబంధాలు చూడొద్దని దసరాకు నేనన్న మాట మనసులో పెట్టుకుందా? మనవరాలు మీది, నిర్ణయం మీది. నా మాట నచ్చకపోతే మొహానే చెప్పవచ్చు గదా.

నా ఆరోగ్యం ఫరవాలేదు. మా వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో ప్రతి గురువారం అరవై దాటినవాళ్ళను విడిగా చూస్తున్నారు. బీపీ, షుగరు చూసి ఊరుకోరు. వరసగా కుర్చీలు వేసి, చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం చేయిస్తారు. మొదట నవ్వొచ్చింది. ఇప్పుడు మోకాళ్ళ కోసం మందుల షాపులో కొని మింగే బిళ్ళలు మానేశాను, కడుపులో మంట తగ్గింది. నువ్వూ అట్లాంటి చోటికి పోరాదా?

నీ జవాబు కోసం చూస్తుంటాను.

మీ అక్క,
రామతులసమ్మ


మార్కాపురం,
21 ఫిబ్రవరి 2024

అక్కయ్యకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. చిన్నదాన్ని పెద్దది చేస్తున్నావు. ఆ రోజు చెంచులక్ష్మి కళ్ళజోడు ఇంట్లో మరిచి వచ్చింది. పైగా ఎండ. తల తిరుగుతున్నదని పొద్దున్నుంచీ అంటూనే ఉంది. నిన్ను ఆనవాలు పట్టలేదు, అంతే. దానికి వైష్ణవి సంబంధంతో ముడిపెట్టొద్దు.

ఇక్కడ అందరం బాగున్నాం. స్టీలు సామాన్ల దుకాణం పూర్తిగా ఫణికృష్ణే చూసుకుంటున్నాడు. కొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే తండ్రికి కూర్చోను చోటుండదని ఇప్పుడు తెలిసింది. పోయి నిలబడి వస్తున్నాను. నీళ్ళకు ట్యాంకరే గతి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వస్తాయని నా పెళ్ళికి ముందు నుంచీ వింటున్నాను.

నీ గురువారం సంగతి చదివి నవ్వుకున్నాను. కుర్చీలో కూర్చొని లేవడానికి ఆస్పత్రి కావాలా అక్కా? ముసలితనానికి మందేముంది? నేను ఏ ఆస్పత్రి గడపా తొక్కను. తొక్కితే లేని జబ్బులు అంటగడతారు.

ఉగాదికి వస్తానని అరవింద్‌తో అన్నావట. ఈసారి వద్దు. పొదిలి వాళ్ళు వైష్ణవిని చూడటానికి వచ్చే ఏర్పాట్లలో ఉన్నాం. ఇల్లంతా సందడిగా ఉంటుంది. తర్వాత నేనే పిలుస్తాను.

తమ్ముడు,
రామలింగయ్య


గిద్దలూరు,
8 మార్చి 2024

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాను. ఆడబిడ్డను పండక్కి రావద్దని రాసిన అన్నదమ్ముల్లో నిన్నొక్కడినే చూశాను. పిల్ల తండ్రికి మేనత్తను, పెళ్ళిచూపులకు అడ్డమా? సరే, రాను.

చెంచులక్ష్మికి విడిగా ఒక ఉత్తరం రాశాను. నీకంటే ముందు ఆమే జవాబిస్తుందని ఆశపడ్డాను. ఇంతవరకూ లేదు. చించి పారేసిందా? ఆ ఒక్క మాట రాయి చాలు.

ఇక నా సంగతి. పోయిన గురువారం నాకు పెద్ద గండం గడిచింది. ఆరోగ్య కేంద్రంలో నర్సు హేమలత అని ఉంది. మంచిదే గాని ఎప్పుడూ పరుగు మీదుంటుంది. మతిమరుపు పరీక్ష చేస్తానని మూడు మాటలు చెప్పి, కాసేపయ్యాక తిరిగి చెప్పమంది. నేను "నిమ్మకాయ, గాడిద, బండి" అన్నాను. ఆమె చెప్పింది గడియారమట. ఏ సంవత్సరమని అడిగితే, ఏం సమస్య అని విని మోకాళ్ళు అన్నాను. ఆమె కాగితం మీద ఏదో రాసి డాక్టరు దగ్గరికి పంపింది. ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. మతి పోయిందంటే ఇంట్లో నా మాటకు విలువుంటుందా? నలుగురూ నా ముందే నన్ను గురించి మాట్లాడుకుంటారు గదా అనుకున్నాను.

డాక్టరమ్మ నా వెనక్కి వచ్చి నిలబడి ఏదో అడిగింది. నాకు తెలియనే లేదు. "ఈమె మతి బాగానే ఉంది, చెవులే లేవు" అని నవ్వింది. హేమలత నొచ్చుకొని, "తొందరపడినాను పెద్దమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. చెవి మిషను వచ్చేట్టు రాశారు, ఎప్పటికొస్తుందో.

నా పక్కన ఒకావిడ కూర్చుంది. పాపం, ఆమెది నిజంగా మతిమరుపే. మొగుడు అన్నీ తనే జవాబు చెప్తూ, ఆమెను నోరు తెరవనివ్వడం లేదు. డాక్టరమ్మ ఆయన్ను బయటికి పొమ్మంది. అట్లాంటి మగవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. భార్యకు జబ్బొస్తే తన పరువు పోయినట్టు మొహం పెట్టుకుంటారు.

అరవింద్ పంపిన కందిపప్పు చేరిందా?

అక్క


మార్కాపురం,
14 మార్చి 2024

అక్కా,

ఎవరు చెప్పారు నీకు? తనూజ ఫోను చేసిందా? కోడలని ఇంట్లో పెట్టుకుంటే ఇంటి గుట్టు గిద్దలూరు దాకా మోసిందా?

చుట్టూ తిప్పి ఎవరో ఆవిడ, ఎవరో మొగుడు అని కథలల్లి రాయడమెందుకు? నన్నే అంటున్నావని తెలుసుకోలేనంత అమాయకుణ్ణి కాను. నేను ఎట్లా చూసుకుంటున్నానో నీకేం తెలుసు? జాకెట్టు హుక్సులు కూడా నేనే పెడుతున్నాను. ఇదంతా బయటపడితే వైష్ణవిని ఎవడు చేసుకుంటాడు? ఆ ఇంట్లో పిచ్చి ఉందంటారు.

మా ఇంటి సంగతి మీ ఆస్పత్రి బల్లల మీద పెట్టొద్దు. ఇంకేమీ రాయొద్దు.

రామలింగయ్య


గిద్దలూరు,
18 మార్చి 2024

నాయనా రామలింగం,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. తనూజ నాకు ఫోను చేయలేదు. చేసినా నాకు వినిపించదు. ఆ పిల్లను ఏమీ అనొద్దు. నేను ఆస్పత్రిలో కళ్ళారా చూసింది రాశాను. అంతకుమించి నాకేమీ తెలియదు.

తెలియనిది నువ్వే చెప్పావు.

కంభం పెళ్ళిలో ఆమె నన్ను అవమానించలేదు. నిజంగానే నేనెవరో తెలియక అడిగింది. ఆ చెయ్యి లాక్కోవడం కోపం కాదు, భయం. నేనేమో పొగరనుకొని ఆమెకు ఎంత మాట రాశానో! "నీకు పుట్టింటి సిరి గుర్తుంది గాని అత్తింటి ఆడబిడ్డ గుర్తులేదా" అని రాశాను. ఆ ఉత్తరం ఆమెకు ఇవ్వకుండా దాచి ఉంటే నీకు పుణ్యముంటుంది.

ఎప్పటి నుంచిరా ఇది? డాక్టరుకు చూపించావా? ఒక్కసారి తీసుకురా. గిద్దలూరులో మిమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. నువ్వు రాసేదాకా నేను ఎవరితోనూ ఒక మాట అనను.

అక్క


మార్కాపురం,
6 మే 2024

అక్కయ్యకు,

ఇన్నాళ్ళూ రాయలేదు. ఇవాళ రాయకపోతే నేనేమైపోతానో తెలియక రాస్తున్నాను.

రెండేళ్ళ నుంచి ఉంది. మొదట కూరలో రెండుసార్లు ఉప్పు వేసేది. గుడికి పోయి, వచ్చే దారి తెలియక రథం దగ్గరే కూర్చునేది. ఎవరో తీసుకొచ్చి దిగబెట్టేవాళ్ళు. వయసు మీద పడిందని నేనే అందరికీ సర్దిచెప్పాను. నీ ఉత్తరం ఆమెకు అందింది. దాచలేకపోయాను. రోజూ కొత్తగా వచ్చినట్టు చదువుతుంది. చదివి, "వదినకు కోపమొచ్చినట్టుంది, ఒకసారి పోయొద్దామా?" అంటుంది. రోజూ అదే మాట.

పొదిలి వాళ్ళు పోయిన ఆదివారం వచ్చారు. పొద్దున చెంచులక్ష్మి బాగానే ఉంది. పట్టుచీర తనే తీసుకుంది. వాళ్ళ కారు ఆగేసరికి మొదలైంది. "ఎవరికి పెళ్ళి? మా నాయన వచ్చినాడా?" అని అందరినీ అడుగుతోంది. వాళ్ళ నాయన పోయి ఎన్నేళ్ళైంది! ఫణికృష్ణ నా వైపు చూశాడు. నేను ఆమె చెయ్యి పట్టుకొని మేడ మీది గదికి తీసుకుపోయాను. "కాసేపు పండుకో, నీ నాయన రాంగనే పిలుస్తా" అన్నాను. నమ్మి మంచం మీద కూర్చుంది. నేను బయటికొచ్చి గడియ వేశాను. వాళ్ళు వెళ్ళిందాకానే గదా అనుకున్నాను.

కింద కాఫీలు ఇస్తున్నారు. పైనుంచి కేక. "నాయనా, తలుపు తియ్యి నాయనా!" అని. పిల్లవాడి తల్లి తలెత్తి, "పైన ఎవరన్నా ఉండారా?" అంది.

అక్కా, నేను "పక్కింటోళ్ళు" అన్నాను.

ఆ మాట అయిందో లేదో కిటికీ అద్దం పగిలిన చప్పుడు. వైష్ణవి చేతిలో ట్రే కింద పెట్టి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని మెట్లెక్కింది. గడియ తీసింది. అవ్వను పొదివి పట్టుకొని హాలులోకే తీసుకొచ్చింది. చేతి నిండా రక్తం. అద్దం గుద్ది, వెనక్కి పడినప్పుడు మణికట్టు విరిగింది. ఆ రక్తం చీర మీద కారుతుండగా వైష్ణవి వాళ్ళతో, "ఈమె మా అవ్వ. పక్కింటామె కాదు" అని చెప్పింది. వాళ్ళు మర్యాదగానే లేచి వెళ్ళారు. ఇంతవరకూ కబురు లేదు. రాదు కూడా.

చేతికి కట్టు కట్టిన డాక్టరు, "ఎప్పటి నుంచి ఇట్ల ఉంది ఈమెకు?" అని అడిగితే నేను మందుల బిల్లు కట్టాలని లేచి పోయాను.

ఇప్పుడు ఎవరైనా తలుపు మూయబోతే వణికిపోతుంది. స్నానాల గది తలుపు తీసే పెట్టాలి. వైష్ణవి నాతో మాట్లాడటం లేదు. అన్నం వడ్డిస్తుంది గాని మొహం చూడదు.

మీ ఆస్పత్రి గురువారమేనా? మార్కాపురంలో చూపించమని ఫణి అంటాడు. ఇక్కడ వద్దక్కా. ఇక్కడ బెంచీకి ఇద్దరు మనవాళ్ళే ఉంటారు.

తమ్ముడు


గిద్దలూరు,
10 మే 2024

తమ్ముడూ,

రా. బట్టలు సర్దుకొని నెలకు తక్కువ కాకుండా ఉండేటట్టు రా.

నిన్ను తిట్టాలని కాగితం తీసుకున్నాను. "పక్కింటోళ్ళు" అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట నీకు నువ్వే రాసుకున్నావు. నేను చెప్పేదేముంది?

హేమలతతో మాట్లాడాను. పేరు చెప్పకుండా అడిగితే, "మీ వాళ్ళెవరికో గదా పెద్దమ్మా" అని పట్టేసింది. ముందే ఒక మాట అంది. "వస్తానే బాగైపోతాదని మాత్రం ఆశపెట్టి తీసుకురాబాకండి. మందుతో పొయ్యేది ఏదన్నా ఉంటే కనుక్కుంటాం. పోనిది ఎట్ల మొయ్యాలో నేర్పిస్తాం" అని. నాకు నచ్చలేదు. ఇంత ఆస్పత్రి పెట్టుకొని బాగుచేయలేమంటారేందని నేనే కసురుకున్నాను. ఏం, నయమవుతుందని ఒక మాట అంటే వాళ్ళ సొమ్మేం పోయింది?

అయినా రా. ఆమె వాడే మందులన్నీ తెచ్చుకో, షాపులో కొనిచ్చినవి కూడా. నీవీ తెచ్చుకో.

మా ఇంట్లో అన్ని గదులకూ గడియలు తీయించాను. అరవింద్ నవ్వాడు. నవ్వనీ.

అక్క


మార్కాపురం,
24 జూన్ 2024

అక్కయ్యకు,

క్షేమంగా చేరాం. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెడితే దారంతా బోర్డులు చదువుతూ వచ్చింది. కంభం దాటాక కునుకు తీసింది.

నీ దగ్గర ఉన్నన్ని రోజులూ నీకు గట్టిగా చెప్పలేక కొన్ని మాటలు మింగాను. ఉత్తరంలో అయితే అరవక్కరలేదు గదా.

మొదటి గురువారం డాక్టరమ్మ నన్ను దాటి చూసి, చెంచులక్ష్మినే అడిగింది. "అమ్మా, మీకేం కష్టం?" అని. రెండేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు, నేను కూడా. చెంచులక్ష్మి చాలాసేపు ఆలోచించి, "మా ఇంట్లో ఎవరో కొత్తోళ్ళు తిరుగుతాండారు. మంచోళ్ళే గాని, నన్ను ఏం పని చెయ్యనియ్యరు" అంది. ఆ కొత్తోళ్ళం మేమే.

రక్తంలో థైరాయిడ్ తక్కువుందన్నారు. ఆ బిళ్ళ మొదలుపెట్టాక మబ్బు కొంచెం విడిచినట్టుంది. పొద్దున లేచి మొహం తనే కడుక్కుంటోంది. అసలు జబ్బు మాత్రం అదే, మతిమరుపు. తగ్గేది కాదు, పెరిగేదే అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. నేను బయటికి పోయి సైకిళ్ళ స్టాండు దగ్గర నిలబడ్డాను. హేమలత వెనకే వచ్చింది. ఓదార్చడానికనుకున్నాను. చేతికి బీపీ పట్టీ చుట్టి, "చూడు పెదనాయనా, నువ్వు పడిపోతే ఆమెను ఎవరు పట్టుకుంటారు? ఇద్దరికీ ఒకే చీటీ అనుకో" అంది. నా బీపీ చూసి వాళ్ళే భయపడ్డారు. ఏ ఆస్పత్రి గడపా తొక్కనన్న మాట ఆ స్టాండు దగ్గరే వదిలేసి వచ్చాను.

అక్కడ పరిచయమైన దేవదానం గుర్తున్నాడా, లారీ నడిపి మానేసినాయన? ఆయన భార్యదీ ఇదే జబ్బు. ఒకరోజు చెంచులక్ష్మి వాళ్ళ నాయన కోసం ఏడుస్తుంటే, నేను "మీ నాయన పోయినాడు గదా" అన్నాను. అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుంది. దేవదానం నన్ను పక్కకు పిలిచి, "అట్ల చెప్పబాకన్నా. నువ్వు చెప్పినప్పుడల్లా ఆయమ్మకు ఆ నాయన కొత్తగా చచ్చిపోతాడు. మీ నాయన ఎట్లుండేవాడు అని అడుగు, చెప్పుకుంటది" అన్నాడు. అడిగాను. వాళ్ళ నాయన బండి కట్టుకొని తర్లుపాడు సంతకు పోయేది, బెల్లం ముక్క దాచి తెచ్చేది, అంతా చెప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఎప్పుడూ వినని సంగతులు.

ఇంటికొచ్చాక మాత్రం కష్టంగానే ఉంది. పని ఇవ్వమన్నారని బియ్యంలో రాళ్ళు ఏరమంటే, ఏరిన రాళ్ళు మళ్ళీ బియ్యంలోనే కలిపేస్తోంది. తనూజ మొహం చిట్లించుకుంటుంది. ఆమెనూ అనలేను, దుకాణానికి క్యారేజీ కట్టాలి, ఈమెను కనిపెట్టుకోవాలి. నేను ఒకసారి అరిచాను కూడా. అరిచి, రాత్రి తిండి మానేశాను. అది ఎవరికి శిక్షో తెలియదు.

ఒంగోలు సంగతి ఫణికృష్ణ ఖాయం చేశాడు. వచ్చే నెల మొదట్లో కారులో తీసుకుపోతాం. నాకైతే మనసు ఒప్పడం లేదు. తప్పదంటున్నాడు.

తమ్ముడు


గిద్దలూరు,
2 జులై 2024

రామలింగయ్యకు,

ఒంగోలా? మీకు చేతులెట్లా వచ్చాయిరా?

మిమ్మల్ని చూసిపోవడానికి వచ్చిన రోజు మా అరుగు మీద కూర్చొని ఫణికృష్ణ, "ఒంగోల్లో ఇట్లాంటోళ్ళను పెట్టుకొని చూసే చోటుందంట అత్తా" అన్నప్పుడే నేను పెదాల కదలిక చూసి పట్టుకున్నాను. నువ్వు తల దించుకున్నావు. ఒద్దనలేదు. అప్పుడే నాకు అనుమానమొచ్చింది. ఆమె గిద్దలూరు నుంచి పోయేటప్పుడు నా కొంగు పట్టుకొని ఎంతకూ వదలకపోతే, మళ్ళీ గురువారం వద్దువులే అని చెప్పి బస్సెక్కించాను. నేను కూడా అబద్ధం చెప్పినదాన్నయ్యాను.

అక్కడ వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. చేతకానప్పుడు అట్లాంటి చోట్లు తప్పు కాదని హేమలతా అంది. కాని మీకు చేతకాదని ఎవరు తేల్చారు? నెల తిరగలేదే! నా దగ్గరికి పంపు. నేను చూసుకుంటాను. నాకు డెబ్భై నిండాయి, నిజమే. చెయ్యి ఆనించకుండా కుర్చీలోంచి లేస్తున్నాను. ఇంకేం కావాలి?

ఇంకొక మాట. నా చెవి మిషను వచ్చింది. పెట్టుకున్న రోజు మా ఇంటి ఫ్యాను అంత గోల చేస్తుందని తెలిసి ఆపేశాను. చీపురు చప్పుడు, పప్పు తిరగమోత, అన్నీ వినిపిస్తున్నాయి. అరవింద్ ఎంతసేపూ సణుగుతూనే ఉంటాడని కూడా తెలిసింది. మొదటి ఫోను చెంచులక్ష్మికే అనుకొని తనూజకు చేశాను. తనూజ ఇచ్చింది.

"నేనమ్మా, మీ వదినను" అన్నాను.

"ఏ వదినవు?"

"గిద్దలూరు వదినను. రామతులసమ్మను."

"కాదు. మా గిద్దలూరు వదినకు చెవులు వినపడవు. నేనన్నది నీకు ఇనపడతాంది గదా. నువ్వెవరో గాని, ఆయమ్మ పేరు చెప్పబాక" అని పెట్టేసింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు తమ్ముడూ. నన్ను మరిచిపోయిందనుకున్నాను. నేను ఆమెకు బాగానే గుర్తున్నాను, చెవిటిదానిగా. అంత గుర్తున్న మనిషిని తీసుకుపోయి కొత్త గోడల మధ్య వదులుతారా? వదిలితే నాకు తమ్ముడు లేడు.

అక్క


మార్కాపురం,
19 ఆగస్టు 2024

అక్కయ్యకు,

నీ ఉత్తరం చూసి ఫోను చేద్దామనుకున్నాను. నీకు వినిపిస్తుందని తెలిసీ చేయలేకపోయాను. ఏడుపొస్తే ఉత్తరంలో అయితే కనిపించదు.

ఒంగోలు అంటే ఆ చోటు కాదు. నరాల డాక్టరుకు చూపించి, తలకు స్కాను తీయించమని మీ డాక్టరమ్మే రాసిచ్చింది గదా, దాని కోసం. ఆ మిషనులో ఒంటరిగా పడుకోబెడతారంటే భయపడుతుందని నాకు మనసు ఒప్పలేదు. నేను సరిగ్గా రాయలేదు. నువ్వు అడగకుండా తీర్మానం చేశావు. మనిద్దరిదీ ఒకే నెత్తురు.

అయితే ఫణి ఆ మాట అన్నది నిజమే, నేను తల దించుకున్నదీ నిజమే. ఒంగోలు నుంచి వస్తూ దారిలో మళ్ళీ అన్నాడు. వాడి తప్పు కాదు, వాడికి భయం. నేను నోరు తెరిచేలోపే వెనక సీట్లోంచి వైష్ణవి, "అవ్వను పంపితే నేనూ ఆడనే ఉంటా నాయనా" అంది. ఇంటికి చేరిందాకా ఫణి మళ్ళీ ఆ సంగతి తేలేదు. ఆ మాట ఎప్పటికీ ఎత్తరని నేననను. జబ్బు పెరిగితే ఎత్తవలసి వస్తుందేమో కూడా. ఇప్పటికైతే లేదు. స్కానులోనూ ఆ జబ్బే అని తేలింది.

ప్రతి వారం గిద్దలూరు రాలేమని చెప్తే, మీ డాక్టరమ్మ ఇక్కడి ఆస్పత్రికే కాగితం రాసిచ్చింది. ఇక్కడా పెద్దవాళ్ళను చూసే రోజు ఒకటుంది. ఏ చోటికి పోనని నీకు రాశానో అక్కడికే. మొన్న పొద్దున తీసుకుపోయాను. వైష్ణవి ఆటో పిలుస్తానంది. నడిచే పోతామన్నాను. బజారు మధ్య నుంచి, మన దుకాణం ముందు నుంచి చెయ్యి పట్టుకొని నడిపించాను. బట్టల కొట్టు చలమయ్య గుమ్మంలోకి వచ్చి, "ఏం రామలింగయ్యా, పొద్దున్నే జంటగా యాడికి?" అన్నాడు.

గుడికి అందామని నోటిదాకా వచ్చింది. "పెద్దాస్పత్రికి. మా ఇంటామెకు మతిమరుపు జబ్బు" అన్నాను. వైష్ణవి నా మొహంలోకి చూసింది. పొదిలి వాళ్ళు వచ్చిన తర్వాత నా మొహం చూడటం అదే మొదలు. చలమయ్య మెట్టు దిగి వచ్చి, "ఎండగా ఉంది, నీడన పొండి" అన్నాడు.

ఆస్పత్రిలో చీటీ రాయించడానికి వైష్ణవి లోపలికి పోయింది. మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. చెంచులక్ష్మి నన్ను కాసేపు పరకాయించి చూసి, కొంగు సర్దుకొని కొంచెం ఎడంగా జరిగింది.

"మీది ఈ ఊరేనా?" అంది.

"ఈ ఊరే" అన్నాను. కాదనొద్దని దేవదానం చెప్పాడు గదా.

"మంచోళ్ళ మాదిరుండారు. ఒక మాట చెప్తా, ఎవరితోనూ అనబాకండి." గొంతు తగ్గించింది. "మా ఇంటాయన నన్ను గదిలో పెట్టి గడియ ఏసినాడు."

అక్కా, ఏ పూట ఏం తిన్నదో గుర్తులేని మనిషికి అది గుర్తుంది. "ఎందుకేసినాడో అడిగినావా?" అన్నాను.

"అడగల్యా. సిగ్గుపడినాడేమో పాపం. నేను అన్నీ మరిచిపోతాంటానంట."

"ఇంక ఎప్పుడూ వెయ్యడు" అన్నాను.

"మీకెట్ల తెలుసు?"

"ఆయన నాకు బాగా ఎరిగిన మనిషే. నేను చెప్తా."

ఆమె ఆలోచనలో పడింది. లోపల ఎవరి పేరో పిలుస్తున్నారు. మళ్ళీ నా వైపు తిరిగి, నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"చెప్పండి గాని, కోప్పడబాకండి. ఆయన పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

అది నిజం. ఆ పొద్దున నేను ఏమీ తినలేదు.

తమ్ముడు,
రామలింగయ్య